ఎస్కేప్ నొక్కినా ఆగని ఆట

చిరంజీవులైన పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

ఇన్నాళ్లూ మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల ఆటలో ఎవరి ప్రపంచం వాళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు సర్వర్లలో ఆడతామంటున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఎలా జాయిన్ అవ్వాలో, వెళ్లాక ఏం చూసుకోవాలో ఫోన్లో చెబితే సగం మర్చిపోతారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కంప్యూటర్ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ఒక్క తేడా తెలుసుకోండి. మీ సొంత ప్రపంచంలో ఎస్కేప్ నొక్కితే ఆట ఆగిపోతుంది. మీరు అన్నం తిని వచ్చేదాకా క్రీపర్ రాక్షసి ఉన్నచోటే నిలబడి ఉంటుంది. సర్వర్‌లో ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది కానీ ఆట నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఆ ప్రపంచం మీ కంప్యూటర్లో లేదు. ఎక్కడో ఉన్న వేరే మెషీన్‌లో నడుస్తోంది, అందులో మీతోపాటు ఇంకొందరున్నారు. మీ భోజనం అయ్యేదాకా వాళ్లు ఆగరు. నేను చెప్పబోయేవి దాదాపు అన్నీ ఈ తేడాలోంచి వచ్చినవే.

మొదట మీ దగ్గరున్నది ఏ మైన్‌క్రాఫ్టో చూసుకోండి. విండోస్, మ్యాక్, లైనక్స్ కంప్యూటర్ల మీద ఆడేది జావా ఎడిషన్. ఫోన్లు, ట్యాబ్‌లు, ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్, స్విచ్‌లలో ఉండేది బెడ్‌రాక్. విండోస్‌లో బెడ్‌రాక్ కూడా దొరుకుతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా, జావా సర్వర్‌లోకి బెడ్‌రాక్ నుంచి నేరుగా వెళ్లలేరు. గీజర్ అనే ప్లగిన్ (సర్వర్‌కి తగిలించే అదనపు ప్రోగ్రామ్) పెట్టుకున్న జావా సర్వర్లు మాత్రం బెడ్‌రాక్ వాళ్లనీ రానిస్తాయి. అక్క ల్యాప్‌టాప్‌లో జావా, తమ్ముడి ఫోన్లో బెడ్‌రాక్ ఉంటే, ఎందుకు కలవలేకపోతున్నామో తెలియక గంటలు గంటలు పోతాయి. ముందే సరిచూసుకోండి.

మొదటిరోజే వేలమంది ఉండే సర్వర్‌కి వెళ్లొద్దు. ఇంట్లో ఒకే వైఫై మీదున్న రెండు కంప్యూటర్లతో మొదలుపెట్టండి. జావాలో ఒకరు తన ప్రపంచం తెరిచి, ఎస్కేప్ నొక్కి, ‘ఓపెన్ టు లాన్’ ఎంచుకుంటే చాలు. రెండోవాళ్ల ‘మల్టీప్లేయర్’ తెర మీద ఆ ప్రపంచం దానంతటదే కనిపిస్తుంది. ఇద్దరికీ వేరువేరు అకౌంట్లు ఉండాలి, వెర్షన్ ఒకటే అయి ఉండాలి. అలా తెరిచాక ఇంకోసారి ఎస్కేప్ నొక్కి చూడండి. మీ సొంత ప్రపంచమైనా ఇక ఆగదు. సర్వర్ అంటే ఏమిటో నా మాటలకన్నా అది బాగా చెబుతుంది.

దాని తర్వాతి మెట్టు రెల్మ్స్. మైన్‌క్రాఫ్ట్ తయారుచేసే మోజాంగ్ సంస్థే నెలకి ఇంత అని తీసుకుని అద్దెకిచ్చే చిన్న సర్వర్ అది. డబ్బు కట్టేది యజమాని ఒక్కరే, పిలిచినవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు. జావా రెల్మ్‌లో యజమాని కాక ఇంకో 10 మంది ఒకేసారి ఆడవచ్చు. పిలవనివాళ్లు రాలేరు కాబట్టి కొత్తవాళ్లకి ఇది మంచి చోటు.

అందరికీ తెరిచి ఉండే పెద్ద సర్వర్లు ఆ తర్వాత. బెడ్‌రాక్‌లో ‘సర్వర్స్’ ట్యాబ్ తెరిస్తే హైవ్, క్యూబ్‌క్రాఫ్ట్, లైఫ్‌బోట్ లాంటివి ముందే కనిపిస్తాయి. అవి మోజాంగ్ ఒప్పందం చేసుకున్నవి, నొక్కితే వెళ్లిపోవచ్చు. జావాలో అలాంటి జాబితా ఉండదు, అడ్రస్ మీరే టైప్ చేయాలి. వాటిలో అందరికీ తెలిసింది హైపిక్సెల్. 2013లో మొదలైంది. 2021 ఏప్రిల్‌లో ఒకే సమయంలో 2 లక్షలకు పైగా ఆటగాళ్లు అందులో ఉన్నారు. అంతమందిని ఒక్క మెషీన్ మొయ్యలేదు. మీరు దిగేది లాబీ అనే ముందు హాలులో. అక్కడ ఆట ఎంచుకున్నాక మిమ్మల్ని ఇంకో మెషీన్‌కి పంపిస్తారు.

జాయిన్ అవ్వడానికి ‘మల్టీప్లేయర్’లో ‘యాడ్ సర్వర్’ నొక్కి రెండు పెట్టెలు నింపాలి. పై పెట్టెలో పేరు మీ ఇష్టం. కింది పెట్టెలో అడ్రస్ మాత్రం ఒక్క చుక్క కూడా తప్పకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. అడ్రస్ అపార్ట్‌మెంట్ పేరు లాంటిదైతే పోర్ట్ ఫ్లాట్ నంబరు లాంటిది. జావా మామూలుగా తట్టే తలుపు 25565. సర్వర్ వేరే పోర్ట్ చెబితేనే అడ్రస్ చివర కోలన్ పెట్టి ఆ అంకె వేయాలి. బెడ్‌రాక్‌లో పోర్ట్‌కి వేరే పెట్టె ఉంటుంది, అందులో ముందే 19132 కనిపిస్తుంది.

కనెక్ట్ కాకపోతే తెర మీద వచ్చిన వాక్యం చదవండి. పిల్లలు చదవకుండా మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉంటారు. ‘అన్‌నోన్ హోస్ట్’ అంటే ఆ అడ్రస్ ఎక్కడిదో దొరకలేదు, ముందు స్పెల్లింగ్ చూడండి. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే మెషీన్ దొరికింది కానీ ఆ పోర్ట్ దగ్గర పలికేవాళ్లు లేరు. సర్వర్ ఆపేసి ఉండొచ్చు, పోర్ట్ తప్పు కావచ్చు. ‘టైమ్డ్ అవుట్’ అంటే ఎంతసేపు చూసినా జవాబే రాలేదు. ‘అవుట్‌డేటెడ్ క్లయింట్’ అంటే మీ ఆట వెర్షన్ పాతది, ‘అవుట్‌డేటెడ్ సర్వర్’ అంటే వాళ్లది పాతది. జావాలో అయితే లాంచర్‌లో, అంటే ఆటను తెరిచే ప్రోగ్రామ్‌లో, ‘ఇన్‌స్టలేషన్స్’కి వెళ్లి వాళ్లకి సరిపడే వెర్షన్ పెట్టుకోవచ్చు. ‘వైట్‌లిస్ట్’ అన్న మాట కనిపిస్తే మీ తప్పేం లేదు, అది పేరు రాయించుకున్నవాళ్లకే తెరిచే సర్వర్. ఇక ‘మల్టీప్లేయర్’ మీటే నొక్కుడు పడకపోతే మీది మైక్రోసాఫ్ట్‌లో పిల్లల అకౌంట్ అయి ఉంటుంది. అమ్మో నాన్నో వాళ్ల అకౌంట్ నుంచి అనుమతి ఇవ్వాలి. దాన్ని దాటే ఉపాయాలు వెతక్కండి, వెళ్లి అడగండి.

లోపలికి వెళ్లాక మీరు నిలబడే చోటు స్పాన్. అక్కడ బ్లాక్ కొడితే పగిలినట్టే పగిలి మళ్లీ వచ్చేస్తుంది. మౌస్ పాడైందనుకోకండి. స్పాన్ చుట్టూ కొంత మేర ఎవరూ ముట్టుకోకుండా సర్వర్ కాపాడుతుంది. ఏమీ మార్చకుండా వదిలేస్తే మధ్య నుంచి ప్రతి వైపూ 16 బ్లాకుల దాకా ఆ కాపలా ఉంటుంది. పగిలి మళ్లీ రావడం వెనక ఉన్నది బాగా అర్థం చేసుకోండి, చాలా సందేహాలు తీరతాయి. మీరు కొట్టగానే మీ కంప్యూటర్ తొందరపడి ‘పగిలింది’ అని చూపించేస్తుంది. అదే సమయంలో సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ కాదంటే బ్లాక్ తిరిగి వస్తుంది. తెర మీద కనిపించేది మీ కంప్యూటర్ ఊహ, చెల్లుబాటయ్యేది సర్వర్ మాట.

లాగ్, అంటే ఆట వెనకబడి నడవడం కూడా ఇక్కడినుంచే వస్తుంది, అది రెండు రకాలు. సర్వర్ తన ప్రపంచాన్ని సెకనుకి 20 సార్లు ముందుకు జరుపుతుంది. ఒక్కోదాన్ని టిక్ అంటారు. అంటే ఒక్కో టిక్‌కి 50 మిల్లీసెకన్లు. జనం ఎక్కువై ఆ 50లో పని పూర్తికాకపోతే, అందరికీ ఒకేసారి ఆట నెమ్మదిస్తుంది. రెండోది దూరం. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య పెట్టిన సర్వర్‌కి హైదరాబాద్ నుంచి మాట వెళ్లి రావాలంటే, తీగ తిన్నగా ఉన్నా 140 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. తీగ తిన్నగా ఉండదు కాబట్టి 200 దాటడం మామూలే. అంత దూరంలో ఇళ్లు కట్టుకోవచ్చు, పొలం వేసుకోవచ్చు. కత్తియుద్ధం మాత్రం ఓడిపోతారు. దానికి కోపం తెచ్చుకోకండి. పోటీ ఆటలకి ముంబయిలోనో సింగపూర్‌లోనో ఉన్న సర్వర్ చూసుకోండి. సర్వర్ పేరు పక్కనున్న పచ్చ గీతల మీద మౌస్ పెడితే ఎన్ని మిల్లీసెకన్లో చెబుతుంది.

రాత్రి గురించి చెప్పాలి. ఇది నాకు ఈ ఆటలో ఎంతో ఇష్టమైన విషయం. ఒంటరిగా ఆడేటప్పుడు మంచం ఎక్కితే తెల్లారిపోతుంది. సర్వర్‌లో, ఎవరూ ఏమీ మార్చకపోతే, ఓవర్‌వరల్డ్ అనే మామూలు లోకంలో ఉన్న అందరూ పడుకుంటే తప్ప తెల్లారదు. ఒక్కరు గనిలో తవ్వుకుంటూ ఉండిపోయినా మిగతావాళ్లు మంచాల మీద కాచుకుని ఉండాల్సిందే. 2021లో 1.17 వెర్షన్ వచ్చాక ఎంతమంది పడుకుంటే చాలో యజమాని నిర్ణయించుకునే వీలొచ్చింది. అందుకే చీకటి పడుతుండగా చాట్‌లో ‘పడుకుందామా’ అని ఎవరైనా అంటే, చేతిలో పని వదిలి మంచం దగ్గరికి వెళ్లండి. సర్వర్‌లో మీకు మంచి పేరు వచ్చేది పెద్ద కోట కట్టినందుకన్నా ఇలాంటి చిన్న పనులవల్లే.

ఇతరుల ఇంటి పెట్టెలోంచి వజ్రాలు తీయడం, కట్టినవి పగలగొట్టడం: దీన్ని గ్రీఫింగ్ అంటారు. ఆటే కదా అనుకోవద్దు. ఒక బ్లాక్ అంటే ఒక మీటరు. ఆ మేడ కట్టడానికి ఎవరో సెలవులన్నీ వెచ్చించి ఉంటారు. చాలా సర్వర్లలో కోర్‌ప్రొటెక్ట్ లాంటి ప్లగిన్లు ఏ బ్లాక్‌ని ఎవరు ఎప్పుడు తీశారో రాసిపెట్టుకుంటాయి. కొన్నిచోట్ల బంగారు పారతో మూలలు కొట్టి మీ స్థలానికి హద్దు వేసుకోవచ్చు. ఇల్లు మొదలుపెట్టే ముందే ఆ పద్ధతి ఉందేమో నియమాలు చదివి తెలుసుకోండి. మీ ఇల్లు ఎవరైనా పాడుచేస్తే వాళ్లది పాడుచేయడానికి వెళ్లకుండా సర్వర్ చూసుకునే అడ్మిన్‌కి చెప్పండి. రికార్డు ఉంటే ఎక్కడిది అక్కడ తిరిగి పెట్టేస్తారు. ప్రతీకారం తీర్చుకున్నారంటే ఇద్దర్నీ పంపించేస్తారు.

మనుషుల సంగతి జాగ్రత్తగా వినండి. చాట్‌లో ఎదుటివాళ్లు చెప్పిన వయసు నిజమో కాదో మీకు తెలిసే దారి లేదు. మీ అసలు పేరు, స్కూలు, ఊరు, ఫోన్ నంబరు, ఫొటో ఎవరికీ ఇవ్వొద్దు. ప్లేయర్ పేరులో కూడా పుట్టిన సంవత్సరం వద్దు. ‘వేరే యాప్‌లో మాట్లాడుకుందాం, ఇంట్లో చెప్పకు’ అని ఎవరైనా అంటే ఆ క్షణమే బయటికి వచ్చి అమ్మకో నాన్నకో నాకో చెప్పండి. మీ మీద ఎవరూ కోప్పడరు, అది నా బాధ్యత. జావాలో ‘పి’ మీట నొక్కితే ఆటగాళ్ల జాబితా వస్తుంది. విసిగించేవాళ్ల మాటలు అక్కడ దాచేయవచ్చు, వాళ్ల మీద రిపోర్ట్ చేయవచ్చు. ఉచితంగా మైన్‌కాయిన్లు (డబ్బుపెట్టి కొనుక్కునే ఆట నాణేలు) ఇస్తామని, మెయిల్‌కి వచ్చిన కోడ్ చెప్పమని అడిగేవాళ్లు మీ అకౌంట్ కాజేయడానికే అడుగుతారు. ఇంట్లో ఎవరి డబ్బైనా అలా పోతే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి. పిల్లల కోసమే ఉన్న సహాయ నంబరు 1098.

డబ్బు కట్టకుండా దొంగ లాంచర్లతో ఆడే సర్వర్లు ఉన్నాయని మీ స్నేహితులు చెప్పే ఉంటారు. అక్కడ ఎవరి పేరు నిజంగా ఎవరిదో సర్వర్ సరిచూడదు. మీ పేరుతో ఇంకొకరు రావచ్చు. అందుకే లోపలికి రాగానే పాస్‌వర్డ్ పెట్టుకోమంటారు. ఆ పాస్‌వర్డ్ ముక్కూమొహం తెలియని యజమాని చేతికి ఇస్తున్నట్టే. అటువైపు వెళ్లొద్దు. ఆట కొనడానికి డబ్బు తక్కువైతే నాకు రాయండి.

ఇవన్నీ చదివి సర్వరంటే భయపడకండి. 2020 మార్చిలో రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ ఒక మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో పెద్ద గ్రంథాలయం తెరిచింది. కోటీ 25 లక్షల బ్లాకులతో కట్టారు. కొన్ని దేశాల్లో ప్రభుత్వాలు చదవనివ్వని వార్తా వ్యాసాల్ని అక్కడ ఆటలోని పుస్తకాలుగా పెట్టారు. వెబ్‌సైట్లు మూసేసినచోట కూడా ఈ ఆట తెరిచే ఉంది కాబట్టి పిల్లలు అక్కడికి వెళ్లి చదవగలిగారు. ఆ స్తంభాల మధ్య నడుస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. మనం కలిసి వెళ్దాం, అక్కడ ఏమేం ఉన్నాయో దగ్గరుండి చూపిస్తాను.

ఆట ముగించేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ వదిలి వెళ్లకండి. మీరు వెళ్లగానే మీ బొమ్మ మాయమవుతుంది, మళ్లీ వచ్చినప్పుడు సరిగ్గా అదే చోట నిలబడతారు. ఈలోపు అక్కడ ఎవరైనా గొయ్యి తవ్వి ఉండొచ్చు. ఇంట్లోకి వెళ్లి, సామాను పెట్టెలో పెట్టి, చాట్‌లో చెప్పి వెళ్లండి.

మన కుటుంబం కోసం నేను పెట్టిన చిన్న జావా సర్వర్ శనివారం సాయంత్రం 7 గంటలకు తెరుస్తాను. డల్లాస్ వాళ్లకి అప్పుడు ఉదయం, వాళ్లూ వస్తామన్నారు. మీ ప్లేయర్ పేర్లు అక్షరం పొల్లుపోకుండా రాసి పంపండి, వైట్‌లిస్ట్‌లో చేర్చి అడ్రస్ పంపుతాను. రాగానే చీకటి పడేలోపు మూడు ఉన్ని బ్లాకులు, మూడు చెక్క పలకలు సంపాదించి మంచం చేసుకోండి. గొర్రెలు స్పాన్‌కి తూర్పున ఉన్నాయి.

మీ పెదనాన్న