బీడు, సర్కారు తుమ్మ, పులుల లెక్క: పాలమూరులో వినే అపోహలు

వన్యప్రాణి సర్వేలు నా పని. మక్తల్ నుంచి అమ్రాబాద్ దాకా ఎక్కడికెళ్లినా ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: బీడు ఊరికే పడి ఉంది, మొక్కలు నాటితే మేలు.

వాస్తవం: కృష్ణా తీరంలో మక్తల్ వైపు గడ్డి బీళ్లలో కృష్ణజింకలు బతుకుతాయి. ప్రమాదాన్ని దూరం నుంచే పసిగట్టి పరుగెత్తడమే వాటి రక్షణ. చెట్లు దట్టమైతే చూపూ ఆగుతుంది, పరుగూ ఆగుతుంది. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) శాటిలైట్ చిత్రాలతో తయారుచేసే వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌లో, అంటే బంజరు భూముల పటాల్లో, ఇలాంటి పొదల భూములు కూడా ఉంటాయి. వేస్ట్ అని ముద్ర పడ్డ భూమే ప్లాంటేషన్‌కైనా సోలార్‌కైనా ముందు కనబడుతుంది. బీడు పోయాక జింకలు పత్తి మొలకల మీద పడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కృష్ణజింక షెడ్యూల్ 1 జంతువు, అంటే అత్యంత గట్టి రక్షణ ఉన్నది; రైతు అదిలించడం తప్ప ఏమీ చేయలేడు. అతని కోపం న్యాయమే. పరిహారం గురించి మాట్లాడేవాళ్లు బీడు ఊసెత్తకపోవడమే నాకు మింగుడుపడదు. మొక్కలు నాటే ముందు అక్కడ నలభై ఏళ్ల కింద ఏముండేదో గొర్రెల కాపర్లను అడగండి, గడ్డి పేర్లతో సహా చెబుతారు.

అపోహ: సర్కారు తుమ్మను నరికేస్తే పీడ పోతుంది.

వాస్తవం: మోకాలెత్తున నరికితే మొదట్లోంచి గుబురుగా చిగురిస్తుంది. వేరు మొదలుతో పెకలించాలి. కాయలు తిన్న మేకల పెంటలో గింజలు చెక్కుచెదరకుండా చెరువు శిఖంలోకి (చెరువు లోపలి నేలలోకి) చేరతాయి. పూడిక తీసిన చెరువునైనా వదిలేస్తే మళ్లీ కమ్ముకుంటుంది. అయితే వంటచెరకుకూ, బొగ్గుకూ దాని మీదే ఆధారపడ్డ ఇళ్లున్నాయి, కాబట్టి విడతలవారీగా తీయాలి.

అపోహ: పులుల లెక్క అడుగుజాడల అంచనా.

ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. ఇప్పుడు బాటకు రెండు పక్కలా కెమెరాలు పెడతాం. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు, ఒకే పులికి కుడి పక్క చారలు ఎడమ పక్కలా ఉండవు. అందుకే జత కెమెరాలు. కెమెరాకు చిక్కనివాటిని గణితంతో అంచనా వేస్తారు, అంతే.

అపోహ: సైంటిస్టు చెప్పాడంటే సర్కారు చేయాల్సిందే.

‘ఇది చేస్తే ఇది జరగొచ్చు’ అన్నంత వరకే మా పని. ఏది పోగొట్టుకోకూడదో తేల్చాల్సింది జనం. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో అసెంబ్లీ తీర్మానం చేసిందంటే, అంతకు ముందు చెంచు పెంటల (అడవిలోని చెంచుల గూడేల) నుంచి హైదరాబాద్ దాకా జనం గొంతెత్తారు.