జాగోరి: వలస డబ్బుతో లేచిన ఊళ్లు

మున్సిపాలిటీ అనగానే మనకు పట్నం గుర్తొస్తుంది. గ్రీస్ వాయవ్య మూలన, ఎపిరస్ ప్రాంతంలో ఉన్న జాగోరి మున్సిపాలిటీ మాత్రం పిండస్ కొండల్లో చెదిరి ఉన్న పల్లెల గుంపు. జాగోరి ఊళ్లంటే 46 అని అక్కడివాళ్ల లెక్క. విస్తీర్ణం 990 చదరపు కిలోమీటర్లకు దగ్గర. 2011 లెక్కల్లో తేలిన జనం 3,724 మందే. 2023 సెప్టెంబరులో యునెస్కో ఈ రాతి ఊళ్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత అందమైన చోట మనుషులెందుకు లేరు?

దీనికి జవాబు కావాలంటే ఆ ఊళ్లు కట్టిన కాలానికి వెళ్లాలి. 1430లో యోనినా పట్టణం ఒట్టోమన్లకు లొంగిపోయాక, పన్ను కట్టి తమ వ్యవహారాలు తామే చూసుకునే వెసులుబాటు ఈ ఊళ్లకు దొరికింది. అది 1868 దాకా సాగింది. స్వేచ్ఛ ఉంది గానీ, ఆ కొండ నేల కడుపు నింపేది కాదు. అందుకే మగవాళ్లు ఇప్పటి రుమేనియాలోని వలాకియాకు, ఇస్తాంబుల్‌కు, రష్యాకు వ్యాపారానికి పోయేవారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు ఊళ్లోనే. సంపాదన కూడా ఊరికే చేరేది.

ఆ డబ్బే రాయిగా మారింది. 1750 నాటి కొక్కోరిస్ వంతెనకు ఖర్చు పెట్టింది వ్రదేతో ఊరి నూత్సోస్ కొంతోదిమోస్. కిపి ఊరి దగ్గరి మూడు కమానుల వంతెన ముందు చెక్కది. 1814లో ఒక మఠాధిపతి రాతితో కట్టించాడు, తర్వాత ప్లకిదాస్ కుటుంబం బాగు చేయించింది. మోనోదెంద్రికి చెందిన రిజారిస్ సోదరులు రష్యాలో గడించిన సొమ్ముతో ఏథెన్స్‌లో 1844లో మత విద్యాలయమే వెలిసింది. ఊరి పైన వాలులో ఉన్న అడవిని నరికితే చర్చి వెలివేస్తుందని కట్టడి పెట్టుకున్నారు. అడవి పోతే కొండచరియలు ఇళ్లమీదికి వస్తాయని వాళ్లకు బాగా తెలుసు.

అంటే ఊళ్లోంచి మనుషులు పోవడం జాగోరికి కొత్త కాదు. కొత్త సంగతి, ఇంటిల్లిపాదీ పోవడం. 1913లో ఈ ప్రాంతం గ్రీస్‌లో కలిసింది. 1943లో జర్మన్ సైన్యం చాలా ఊళ్లను తగలబెట్టింది, వెంటనే 1946 నుంచి 1949 దాకా అంతర్యుద్ధం. ఆ దెబ్బల తర్వాత కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పట్నాలకు, విదేశాలకు వెళ్లిపోయాయి. వ్రదేతోకి అంతవరకూ కొండ అంచున చెక్కిన రాతి మెట్లే దారి. బండి రోడ్డు పడింది 1970లలో.

జనం తగ్గాక పాలన కూడా కుదించుకుపోయింది. 2011లో గ్రీస్ అంతటా అమల్లోకి వచ్చిన కల్లిక్రాతిస్ అనే స్థానిక పాలన సంస్కరణ నాలుగు చిన్న మున్సిపాలిటీలను, వొవూసా గ్రామాన్ని కలిపి ఒకటి చేసింది. కార్యాలయం అస్ప్రాంగెలిలో. కాగితం మీద ఖర్చు కలిసొచ్చే పనే. కానీ తూర్పు కొసన అవోస్ నది ఒడ్డున ఉన్న వొవూసా వాళ్లకు ఆ ఆఫీసంటే బోలెడు కొండ మలుపుల ప్రయాణం.

పర్యాటకులు వచ్చి పాత ఇళ్లు కొన్ని అతిథి గృహాలయ్యాయి. రక్షిత ఊళ్లలో ఇల్లు బాగు చేసుకోవాలంటే రాతి గోడ, పలకరాతి కప్పు అలాగే నిలపాలి. ఒకప్పుడు ఆ ఖర్చుకు వలాకియా నుంచి డబ్బు వచ్చేది.