బురద పొరల్లో తాళాలు, తాళంచెవులు

"క్రిములు అంత వేగంగా మారిపోతుంటే, అవి పట్టి పీడించే జీవులు ఎప్పుడో తుడిచిపెట్టుకుపోవాలి కదా?" అని ఓ పాఠకురాలు అడిగారు. జవాబు చెరువు అడుగు బురదలో ఉంది.

డాఫ్నియాను నీటి ఈగ అంటారు గానీ ఈగ కాదు, రొయ్యలకు చుట్టం. పొడవు కొన్ని మిల్లీమీటర్లే. ఒళ్లు గాజులా ఉంటుంది కాబట్టి మైక్రోస్కోప్ కింద దాని గుండె దడదడా కొట్టుకోవడం, పేగులో పచ్చటి నాచు, వీపు సంచిలో గుడ్లు అన్నీ కనిపిస్తాయి. పాస్చూరియా అనే బాక్టీరియా సోకితే ఆ సంచి ఖాళీ అయిపోతుంది. డాఫ్నియా బతికే ఉంటుంది, మామూలు కంటే పెద్దగా కూడా ఎదుగుతుంది. పిల్లల్ని మాత్రం కనదు. గుడ్లకు పోవాల్సిన శక్తితో బాక్టీరియా తన సిద్ధబీజాలను, అంటే విత్తనాల్లాంటి స్పోర్లను, లక్షల్లో తయారుచేసుకుంటుంది. డాఫ్నియా చచ్చాక అవి బురదలో చేరతాయి.

సిద్ధబీజం డాఫ్నియా ఆహారనాళం గోడకు అతుక్కుంటేనే జబ్బు. గోడ తాళమైతే సిద్ధబీజం తాళంచెవి. ఒక రకం డాఫ్నియాకు పట్టేది ఇంకో రకానికి పట్టదు. చెరువులో ఒక తాళం ఎక్కువైందనుకోండి, దానికి సరిపోయే క్రిములకు తిండికి లోటుండదు. అవి పెరిగేకొద్దీ ఆ తాళం ఉన్న డాఫ్నియాలకు సంతానం తగ్గుతుంది. అంతవరకూ అరుదుగా ఉన్న ఇంకో తాళం పుంజుకుంటుంది. అదీ మామూలైపోయాక దాని తాళంచెవి వంతు వస్తుంది. ఈలోగా పాత తాళం అరుదైపోయి, మళ్లీ క్షేమంగా ఉంటుంది. దీన్నే రుణాత్మక పౌనఃపున్య ఆధారిత వరణం అంటారు. నోరు తిరగని పేరే, కానీ విషయం ఇంతే: పదిమందిలో ఉన్నవాడికే ముప్పు.

డాఫ్నియా నిద్రాణ గుడ్లు, బాక్టీరియా సిద్ధబీజాలు రెండూ బురదలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి. జీవశాస్త్రవేత్త ఎలెన్ డెకాస్టెకర్ బృందం బెల్జియంలోని ఒక చెరువు బురదను పొరలు పొరలుగా తీసి, ఒక్కో పొరలోని గుడ్లను పొదిగించింది. వాటి మీదికి అదే కాలపు క్రిముల్ని, అంతకు ముందరి వాటిని, తర్వాతి వాటిని వదిలింది. ఫలితాలు 2007లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువగా సోకినవి అదే కాలపు క్రిములు. తేడా కొండంత కాదు, కానీ స్పష్టంగా ఉంది.

తర్వాతి కాలపు క్రిమి మరింత ఆరితేరి ఉండాలి కదా అనిపిస్తుంది. పరిణామాన్ని మెట్లెక్కడంలా నేర్పించడం వల్ల వచ్చిన చిక్కిది. పిల్లలకు ఆ నిచ్చెన బొమ్మ చూపడం మానేయాలని నా గట్టి కోరిక. భవిష్యత్తు నుంచి వచ్చిన తాళంచెవి ఈనాటి తాళానికి అంత బాగా పట్టదు.

ఈ పోరు చెరువు రంగును కూడా మార్చగలదు. డాఫ్నియాలు నాచును వడకట్టి తింటాయి. జబ్బుతో అవి తగ్గిపోతే నాచు పెరిగి నీళ్లు పచ్చబడతాయి. వాటికి సోకే ఒక శిలీంధ్రం విషయంలో చేపలూ రంగంలోకి దిగుతాయి. శిలీంధ్రం నిండిన డాఫ్నియా గాజు ఒళ్లు మసకబారి, చేప కంటికి తేలిగ్గా చిక్కుతుంది. చేపలు అలాంటివాటినే ఏరుకుని తింటుంటే, జబ్బు మిగతావాటికి పాకడం తగ్గుతుంది.