బుధవారం రాత్రి ఖాళీ సీటు వెనక కథ

తిరుపతి బస్టాండ్ చుట్టుపక్కల లాడ్జీల్లో నైట్ డ్యూటీ చేసే కుర్రాళ్లలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు కొందరు నాకు తెలుసు. యూరప్‌లో మంగళ, బుధవారాల రాత్రి జరిగే ఛాంపియన్స్ లీగ్ పెద్ద మ్యాచ్‌లు మనకు అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు, చలికాలంలో ఒకటిన్నరకు మొదలవుతాయి. కౌంటర్ దగ్గర కాస్త సద్దుమణిగే వేళ అది. మొన్నొక రాత్రి వాళ్లలో ఒకడు ఫోన్ నా వైపు తిప్పి, "ఏంన్నా, టికెట్లు దొరకనే దొరకవంటారు. ఇన్ని సీట్లు ఖాళీగా ఉండాయే?" అన్నాడు. గోల్ వెనక స్టాండ్‌లో ఎర్ర సీట్లు మచ్చలు మచ్చలుగా కనబడుతున్నాయి.

"పొద్దున్నే పనికి పోవాలి కదప్పా" అన్నాను. అది సగం జవాబే. పొద్దున్నే పనికి పోవాల్సిన జనమే డెబ్భై ఏళ్ల కిందట ఇలాంటి రాత్రుల్లో స్టేడియాలు కిక్కిరిసేలా వచ్చారు. మిగతా సగం చెప్పాలంటే శనివారం దగ్గర మొదలుపెట్టాలి.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ శనివారం ఆట అయ్యిందంటే కారణం ఫ్యాక్టరీ చట్టం. 1850లో వచ్చిన చట్టం ప్రకారం బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకు, చిన్న వయసు పనివాళ్లకు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పని ఆపాలి. వాళ్లు లేకుండా మిల్లు నడవదు కాబట్టి మగవాళ్లకూ క్రమంగా ఆ పూట సెలవు దొరికింది. రెండింటికి గేటు దాటి, ఏదో ఒకటి తిని, మూడింటికి మైదానం చేరొచ్చు. 1888లో పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ పుట్టినప్పుడు ఆ పన్నెండూ లాంకషైర్, మిడ్‌లాండ్స్ పారిశ్రామిక ప్రాంతాలవే. శనివారం మూడు గంటలన్నది వాళ్లకు ముహూర్తంలా స్థిరపడిపోయింది.

అయితే అందరి శనివారం ఒకటి కాదు. షెఫీల్డ్‌లో చిన్న చిన్న వర్క్‌షాపుల పనివాళ్లకు బుధవారం మధ్యాహ్నం తీరిక ఉండేది. ఆ పూట క్రికెట్ ఆడుకోవడానికి 1820లో పెట్టుకున్న క్లబ్బుకు 'ది వెన్స్‌డే' అని పేరు పెట్టుకున్నారు. అదే 1867లో ఫుట్‌బాల్ జట్టును కూడా పుట్టించింది. ఇవాళ మనం షెఫీల్డ్ వెన్స్‌డే అని పిలిచేది దాన్నే. అంగళ్లలో పనిచేసేవాళ్లదీ ఇదే కథ. శనివారమే బేరాలు జోరుగా ఉండే రోజు, సెలవెవరిస్తారు? 1911లో చట్టం వచ్చాక వాళ్లకు వారంలో ఏదో ఒక పూట సెలవు ఖాయమైంది. చాలా ఊళ్లలో అది బుధవారమో గురువారమో పడేది.

ఈ సంగతి తిరుపతివాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం నుంచే అలిపిరి దారి నిండిపోతుంది. శని, ఆదివారాల్లో లాడ్జీలవాళ్లకు, హోటళ్లవాళ్లకు, జీపు, టాక్సీ డ్రైవర్లకు తలెత్తే తీరిక ఉండదు. తమిళుల పెరటాసి నెలలో శనివారాలైతే ఇక అడగొద్దు. ఊరికి ఊపిరాడేది మంగళ, బుధవారాల్లోనే. మా లాడ్జీ కుర్రాడి వీక్లీ ఆఫ్ కూడా బుధవారమే.

ఫ్లడ్‌లైట్లు లేని కాలంలో వారం మధ్యలో మ్యాచ్ పెట్టాలంటే మధ్యాహ్నమే పెట్టాలి. డ్రా అయిన కప్ మ్యాచ్‌ను మళ్లీ ఆడించే రీప్లేలు అలాగే జరిగేవి. ఆ రోజు అమ్మమ్మ చనిపోయిందని సెలవు అడిగేవాళ్ల మీద ఇంగ్లండ్‌లో బోలెడు జోకులుండేవి. ప్రభుత్వానికి అది జోకు కాలేదు. 1947లో బొగ్గు కొరతతో, గడ్డకట్టే చలితో దేశం సతమతమవుతుంటే, కార్మికులు పని మానేస్తారని వారం మధ్యలో ఆటలే వద్దన్నారు. ఆ సీజన్ జూన్ దాకా సాగింది. అంటే అప్పటి భయం సీట్లు ఖాళీ అవుతాయని కాదు, ఫ్యాక్టరీలు ఖాళీ అవుతాయని.

దీపాల కింద ఆట ఆలోచన పాతదే. 1878 అక్టోబరులో షెఫీల్డ్‌లోని బ్రామాల్ లేన్‌లో ఎలక్ట్రిక్ దీపాలు పెట్టి ఆడి చూశారు. కానీ ఫుట్‌బాల్ పెద్దలకు అది నచ్చలేదు. 1930లో ఏకంగా నిషేధించి, ఇరవై ఏళ్ల తర్వాతగానీ సడలించలేదు. సడలించాక మాత్రం రాత్రి మ్యాచ్ జాతరే అయ్యింది. 1954 డిసెంబరు 13న, ఒక సోమవారం రాత్రి, హంగరీ క్లబ్బు హోన్‌వెడ్‌తో ఇంగ్లండ్ క్లబ్బు వుల్వ్స్ ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌కు దాదాపు 55 వేల మంది వచ్చారు. ఆ గెలుపుతో వుల్వ్స్ ప్రపంచ చాంపియన్లని ఇంగ్లిష్ పత్రికలు ఎత్తేశాయి. అదెలా తేలుతుందని ఫ్రెంచ్ పత్రిక లెకిప్‌లో పనిచేసే గాబ్రియేల్ హనో ప్రశ్నించాడు. ఆ వాదన నుంచే 1955లో యూరోపియన్ కప్ మొదలైంది, ఇప్పటి ఛాంపియన్స్ లీగ్‌కు తాత. శనివారాలు ఏ దేశం లీగ్ దానికే కావాలి. అందుకని యూరప్ పోటీకి వారం మధ్యే మిగిలింది.

1956 ఫిబ్రవరి 22, బుధవారం. ఇంగ్లిష్ లీగ్‌లో ఫ్లడ్‌లైట్ల కింద జరిగిన మొదటి మ్యాచ్ పోర్ట్స్‌మత్, న్యూకాజిల్ మధ్య. ఒకటి దేశానికి దక్షిణపు అంచు, ఇంకొకటి ఉత్తరపు అంచు. తిరుపతి నుంచి హైదరాబాద్ పోయినంత దూరం. వారం మధ్యలో అంత దూరం పోయి, మ్యాచ్ చూసి, పొద్దున షిఫ్టుకు ఎవరు అందుకోగలరు? నాకైతే ఆ మొదటి ఫిక్స్చర్‌లోనే తర్వాతి గొడవంతా కనిపిస్తుంది. 1960లో ఫుట్‌బాల్ లీగ్ కార్యదర్శి అలన్ హార్డేకర్ ఈ రాత్రులను నమ్ముకునే లీగ్ కప్ పెట్టాడు. పెద్ద క్లబ్బులు మొదట్లో దాన్ని పట్టించుకోలేదు. ఇప్పటికీ తొలి రౌండ్లలో కుర్రాళ్లను దించుతాయి. సొంత క్లబ్బే చిన్నచూపు చూసే మ్యాచ్‌కు అభిమాని మాత్రం ఎందుకు ఎగబడతాడు?

అసలు మార్పు స్టాండ్‌లో జరిగింది. పాతకాలంలో గోల్ వెనక మెట్ల మీద నిలబడి చూసేవాళ్లు. గేటు దగ్గర డబ్బిచ్చి లోపలికి పోవడమే. పదివేల మంది తగ్గినా ఉన్నవాళ్లు సర్దుకుని నిలబడతారు, లోటు కొట్టొచ్చినట్టు కనిపించదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగింది. 97 మంది ప్రాణాలు పోయాయి. దాని మీద విచారణ జరిపి 1990లో ఇచ్చిన టేలర్ నివేదిక పెద్ద స్టేడియాలన్నీ సీట్లవే కావాలంది. ఖాళీ సీటు కంటికి కనబడటం అప్పటి నుంచే. సీటుకొక నంబరు, రంగు, దానికొక సొంతదారు. రాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంటుంది, పక్కవాడు జరిగి నింపడు.

ఆ సొంతదారు చాలాసార్లు సీజన్ టికెట్ మనిషి. ఇంగ్లండ్ పైస్థాయి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఒక జట్టు సొంతగడ్డ మీద ఆడేది 19 లీగ్ మ్యాచ్‌లు. వాటన్నిటికీ ఎండాకాలంలోనే డబ్బు కట్టేస్తాడు. నవంబరు వానలో మంగళవారం రాత్రి చిన్న జట్టుతో మ్యాచ్ పడితే, ఒకటి మానేసినంత మాత్రాన జేబులోంచి కొత్తగా పోయేదేం లేదు. క్లబ్బుకూ నష్టం లేదు. ప్రకటించే హాజరు సాధారణంగా అమ్ముడైన టికెట్ల లెక్కే. అందుకే కామెంటేటర్ హౌస్‌ఫుల్ అంటుంటే మనకు ఎర్ర మచ్చలు కనబడతాయి. ఈ మధ్య కొన్ని క్లబ్బులు ఇన్ని మ్యాచ్‌లకైనా రాకపోతే సీజన్ టికెట్ కొనసాగించబోమని షరతు పెడుతున్నాయి.

టీవీ పాత్ర అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌ల లైవ్ ప్రసారం ఇంగ్లండ్‌లో ఇప్పటికీ నిషేధమే. గేటు ఆదాయం దెబ్బతింటుందని 1960ల నుంచి వస్తున్న కట్టుబాటు. వారం మధ్య రాత్రులకు ఆ రక్షణ లేదు. 2019 డిసెంబరులో అమెజాన్ వారం మధ్య రౌండ్ మ్యాచ్‌లన్నీ లైవ్ ఇచ్చింది. ఛాంపియన్స్ లీగ్ తొలి దశలో ఒక్కో జట్టు ఆడే మ్యాచ్‌లు 2024-25 నుంచి ఆరు కాదు, ఎనిమిది. రాత్రులు పెరిగాయి, మనిషి సెలవులు పెరగలేదు.

జర్మన్లు ఈ కోపాన్ని దాచుకోలేదు. 2018 ఫిబ్రవరి 26న, సోమవారం, ఎనభై వేలు పట్టే డార్ట్‌మండ్ స్టేడియానికి ఔగ్స్‌బర్గ్‌తో మ్యాచ్ చూడటానికి వచ్చింది 54 వేల చిల్లర. మిగతావాళ్లలో చాలామంది సోమవారం మ్యాచ్‌లకు నిరసనగా కావాలనే రాలేదు. 2021-22 నుంచి జర్మనీ లీగ్ బుండెస్‌లిగాలో సోమవారం మ్యాచ్‌లు ఎత్తేశారు. షెఫీల్డ్ వెన్స్‌డే అభిమానులు 2025 అక్టోబరు 22న యజమాని మీద కోపంతో సొంత మ్యాచ్‌నే బహిష్కరించారు. అదీ బుధవారమే! రెండు రోజులకు క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా అంచున బయటి నిర్వాహకుల చేతికి పోయింది, యజమాని పట్టు పోయింది. ఆ శనివారం జనం మళ్లీ స్టేడియానికి వచ్చారు.

మన దగ్గరికొస్తే వారం మధ్య ఆట కొత్తేం కాదు. కోల్‌కతా మైదాన్‌లో లీగ్ మ్యాచ్‌లు మామూలు రోజుల్లో సాయంత్రం జరిగేవి. ఆఫీసుల నుంచి జనం నడిచొచ్చి చూసేవారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సయ్యద్ అబ్దుల్ రహీం కోచింగ్‌లో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన రోజుల్లో మైదానాలు ఊరి మధ్యలో ఉండేవి. తర్వాత వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచినా, దాని ఇల్లు గచ్చిబౌలి. మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది. పాత ఫుట్‌బాల్ పేటలున్న సికింద్రాబాద్ నుంచి మామూలు రోజు సాయంత్రం ఏడున్నరకు అక్కడ చేరడమంటే ఐటీ ట్రాఫిక్‌కు ఎదురీదడమే. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. 2022-23 సీజన్‌కు లీగ్ నిర్వాహకులు మ్యాచ్‌లను ఎక్కువగా గురువారం నుంచి ఆదివారం మధ్యకు జరిపారంటే, సమస్య వాళ్లకూ అర్థమైనట్టే.

వారమే అంతా అనడానికీ లేదు. 2018 జూన్ 1న, శుక్రవారం, ముంబయిలో చైనీస్ తైపీ మీద భారత్ 5-0తో గెలిచిన మ్యాచ్‌కు వచ్చింది 2,569 మంది. మర్నాడు అప్పటి భారత కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడియో పెట్టి, తిట్టడానికైనా సరే స్టేడియానికి రండి అని వేడుకున్నాడు. జూన్ 4, సోమవారం, కెన్యాతో మ్యాచ్‌కు టికెట్లన్నీ అయిపోయాయి. కెప్టెన్ స్వయంగా అడిగితే సోమవారమైనా వస్తారు. కానీ ప్రతి వారం అలా అడగలేడు కదా.

తిరుపతికి దగ్గరి ఐఎస్ఎల్ మైదానం చెన్నైలోని నెహ్రూ స్టేడియం, నూట నలభై కిలోమీటర్లు. ఒకసారి మామూలు రోజున ముగ్గురం మధ్యాహ్నం రైలెక్కి పోయాం. సెంట్రల్ నుంచి నడిస్తే స్టేడియమే కాబట్టి పోవడం సులువు. తొమ్మిదిన్నరకు ఆట ముగిశాక అసలు టెన్షన్. మాధవరం పోయి బస్సు పట్టుకుని, నాగలాపురం, పుత్తూరు మీదుగా బస్టాండ్‌లో దిగేసరికి మూడు దాటింది. ముగ్గురిలో ఒకడికి ఆరింటికి డ్యూటీ. ఇంకోసారి పోదామంటే టికెట్ డబ్బులు ముందే ఇచ్చాడు, తీరా ఆ రోజు రాలేదు. టికెట్ డబ్బు లెక్కలోది కాదు, పోయేది నిద్ర. ఆ సాయంత్రం గ్యాలరీలో మా పక్కనున్న ఖాళీ సీటు వాడిదే.

షెఫీల్డ్ కథంతా చెబితే లాడ్జీ కుర్రాడు నవ్వాడు. "బుధవారం ఆఫ్ ఉండేవాళ్ల టీమా? అయితే అది మా టీమేన్నా" అన్నాడు. వాళ్ల పరిస్థితి ఇప్పుడేమంత బాగాలేదని చెప్పబోతుంటే, మెట్ల దగ్గర చెన్నై బండి దిగిన కుటుంబం రూము అడుగుతోంది. ఫోన్ బోర్లా పెట్టి రిజిస్టర్ తెరిచాడు.