"మందు మింగితే బీడీ ఇస్తా": ఈ మాట వెనక కథ

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లల్లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్న మనిషి చేత మాత్ర మింగించడానికి బీడీ ఆశ చూపడం కనిపిస్తుంది. "పాపం, వాడికి మిగిలిన సుఖం అదొక్కటే" అంటారు. ఆ జాలి నిజమైనదే. దాన్ని వాడుకున్నవాళ్లు మాత్రం వేరే ఉన్నారు.

1960లలో అమెరికా మానసిక ఆసుపత్రుల్లో చెప్పిన పని చేసిన రోగికి టోకెన్లు ఇచ్చేవారు, వాటితో సిగరెట్లు తీసుకునేవాడు. తర్వాత ఈ జబ్బుకు పొగే మందులా పనిచేస్తుందన్న వాదనను బలపరిచే పరిశోధనలకు సిగరెట్ కంపెనీలు డబ్బు పెట్టాయి. 1990లలో ఆసుపత్రుల్లో పొగ నిషేధం వస్తే, మానసిక వార్డులకు మినహాయింపు అడిగినవాళ్లకు అండగా నిలిచాయి. ఇవాళ తీవ్ర మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే పోతున్నారు. అందుకు ముఖ్య కారణాల్లో పొగాకు ఒకటి.

మన ఈ సరిహద్దు ప్రాంతం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రాష్ట్రం మారినా పెద్ద వైద్యానికి విశాఖ వెళ్లే అలవాటు పోలేదు. ఆడవాళ్లు సైతం చుట్టను అడ్డపొగగా (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగిన ప్రాంతం ఇది, కాబట్టి డాక్టరు దగ్గర బీడీ ఊసెత్తాలని ఎవరికీ తోచదు. అసలు చిక్కు అక్కడే ఉంది. పొగలోని రసాయనాల వల్ల ఈ జబ్బుకు ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్ మందుల్ని కాలేయం త్వరగా ఖర్చు చేసేస్తుంది. వార్డులో బీడీ లేకుండా నెల ఉన్న మనిషికి ఆ లెక్కన డోసు కుదురుతుంది. ఇంటికొచ్చి మళ్లీ ముట్టిస్తే రక్తంలో మందు తగ్గిపోతుంది, జబ్బు తిరగబెడుతుంది. ఇంట్లోవాళ్లేమో "మందు పనిచేయడం లేదు" అనుకుంటారు. ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే: మందు ఎక్కువై మగత, చొంగ, క్లోజపిన్‌తో అయితే ఫిట్స్ కూడా రావచ్చు. దీనికి కారణం పొగ, నికోటిన్ కాదు. అందుకే నికోటిన్ గమ్‌తో మందు లెక్క మారదు.

బీడీ మానేస్తే పిచ్చి ముదురుతుందన్న భయం చాలామందిది. 2016లో 8,000 మందికి పైగా పాల్గొన్న పరిశోధనలో సగం మందికి మానసిక సమస్యలున్నాయి. పొగ మాన్పించే మందులు వాళ్లకు అలాంటి హాని పెంచినట్టు తేలలేదు. 2019లో బ్రిటన్‌లో పొగతాగే 526 మంది మానసిక రోగులతో చేసిన ప్రయత్నంలో, మానసిక వైద్య సిబ్బంది దగ్గరుండి చేసిన సాయం అందుకున్నవాళ్లలో ఆరు నెలలకు 14 శాతం మానేశారు, మిగతావాళ్లలో 6 శాతం. ఏడాదికి ఆ తేడా తగ్గింది. అంటే సాయం మధ్యలో ఆపకూడదు.

నికోటిన్ గమ్, ప్యాచ్ 2022లో మన దేశపు అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416కి ఒడిశా నుంచైనా తెలుగులో మాట్లాడొచ్చు. మానడం మొదలుపెట్టే ముందే డాక్టరుకు రోజుకెన్ని బీడీలో చెప్పి, డోసు చూడమని అడగండి.