క్లబ్ సాకర్ నేషనల్స్: వర్సిటీ తలుపు మూసుకున్నాక

ఏటా నవంబర్ దగ్గర పడేసరికి అమెరికా కాలేజీ క్లబ్ సాకర్‌లో, అంటే విద్యార్థులే సొంతంగా నడుపుకునే జట్ల ఆటలో, ఒక పాత పేచీ లేస్తుంది. కాలేజీ క్రీడాధికారుల సంఘం నిర్సా జరిపే జాతీయ క్లబ్ పోటీలకి (నేషనల్స్) వచ్చే జట్లన్నీ క్లబ్ జట్లేనా, లేక వర్సిటీ నుంచి, అంటే యూనివర్సిటీయే కోచ్‌ని పెట్టి నడిపే అధికారిక జట్టు నుంచి, బయటికొచ్చిన ఆటగాళ్ళతో బలం పెంచుకున్నవి కూడా ఉన్నాయా? ఓడిన జట్ల వాట్సాప్ గ్రూపుల్లో నలిగే ఈ మాట ఇప్పుడు క్రీడాధికారుల బల్ల మీదికొచ్చింది. 2025 జూన్ 6న కాలేజీల వర్సిటీ ఆటలు నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ మీద వేసిన ‘హౌస్ వర్సెస్ ఎన్‌సీఏఏ’ కేసులో రాజీ ఒప్పందానికి కోర్టు ఆమోదం పడింది. అందులో చేరిన యూనివర్సిటీలు వర్సిటీ సాకర్ జట్టులో 28 మందికి మించి పెట్టుకోవడానికి లేదు. 29వ వాడు ఎక్కడికి పోవాలి? వాడి చదువు, హాస్టల్, స్నేహితులు అన్నీ అక్కడే. పక్క మైదానంలో క్లబ్ ప్రాక్టీసు జరుగుతుంటుంది. అక్కడికే పోతాడు.

నిర్సా 1950లో న్యూ ఆర్లియన్స్‌లోని డిల్లర్డ్ యూనివర్సిటీలో నల్లజాతి కాలేజీల క్రీడాధికారులు మొదలుపెట్టిన సంఘం. ఆ కథా, నేషనల్స్ ఎలా జరుగుతాయన్నదీ ఆటలో ఉన్నవాళ్ళకి కొత్త కాదు. ప్రాంతాల వారీగా ఆడి అర్హత తెచ్చుకోవాలి. గెలిచినవాళ్ళకి నేరుగా చోటు, మిగతా కొందరికి వైల్డ్ కార్డు, ఇంకా మిగిలినవాళ్ళకి ఓపెన్ డివిజన్ అనే వేరే విభాగం. అలబామాలోని ఫోలీ, టెక్సస్‌లోని రౌండ్ రాక్ లాంటి వరస మైదానాలున్న ఊళ్ళలో గ్రూపు మ్యాచ్‌లు, నాకౌట్ కలిపి ఒక్క వారాంతంలో ముగించేస్తారు. తగువుకి ఇక్కడ పనికొచ్చే సంగతి ఒక్కటే. ఇంత తక్కువ వ్యవధిలో ఇన్ని మ్యాచ్‌లు ఆడేటప్పుడు గెలిపించేది మొదటి పదకొండు మంది కాదు, బెంచీ. మూడో రోజుకి తొడ కండరాలు పట్టేస్తాయి. అప్పుడు పదిహేనో ఆటగాడు, పదహారో ఆటగాడు ఏ పాటివాళ్ళన్నదే ఫలితం తేలుస్తుంది. వర్సిటీ శిక్షణ తీసుకున్న ఇద్దరు ముగ్గురు కలిసొస్తే తేడా సెమీఫైనల్ నాటికి బయటపడుతుంది.

అసలు వర్సిటీ జట్టు, క్లబ్ జట్టు అన్న గీత ఇంత లోతుగా ఎప్పుడు పడింది? చాలామంది 1972 టైటిల్ నైన్ చట్టం దగ్గర మొదలుపెడతారు. చదువుకునే చోట ఆడామగా వివక్ష చూపితే కేంద్ర నిధులు రావని చెప్పిన చట్టమది. 1979లో ప్రభుత్వం ఆటలకి మూడు కొలతలు పెట్టింది. విద్యార్థుల నిష్పత్తిలో క్రీడాకారులుండాలి, లేదంటే మహిళల అవకాశాలు పెంచుకుంటూ వస్తున్న చరిత్ర చూపాలి, అదీ కాదంటే వాళ్ళ ఆసక్తికి పూర్తిగా చోటిచ్చామని నిరూపించుకోవాలి. మూడింటిలో ఏ ఒక్కటి నెగ్గినా చాలు. కాగితం మీద ఇది బాగానే ఉంది. కానీ క్లబ్ సాకర్ ఇవాళ్టి రూపానికి రావడానికి కారణం చట్టం పుట్టిన ఏడాది కాదు. 1991 వసంతంలో రోడ్ ఐలండ్‌లోని బ్రౌన్ యూనివర్సిటీ చేసిన పని.

బ్రౌన్ ఖర్చు తగ్గించుకోవాలనుకుంది. మహిళల వాలీబాల్, జిమ్నాస్టిక్స్, పురుషుల గోల్ఫ్, వాటర్ పోలో జట్లను వర్సిటీ నుంచి క్లబ్ హోదాకి దించింది. రెండు మహిళలవి, రెండు పురుషులవి, పైకి చూస్తే సమానమే. ఏడాదికి మిగిలేది 78 వేల డాలర్ల లోపు. అందులో 62 వేలకు పైగా మహిళల జట్ల నుంచే. ఆట ఆపమని ఎవరూ అనలేదు. డబ్బు మీరే పోగుచేసుకుంటే పోటీలకి వెళ్ళొచ్చన్నారు. పోయినవి వేరు: జీతమిచ్చే కోచ్, మంచి వేళల్లో మైదానం, గాయమైతే చూసే ట్రైనర్, కాగితాలు చూసే ఆఫీసు, అడ్మిషన్లో ఆటగాళ్ళకిచ్చే ప్రాధాన్యం. వర్సిటీకీ క్లబ్బుకీ మధ్య తేడా ఏమిటని ఎవరైనా అడిగితే ఈ జాబితా చూపించవచ్చు. ఇవాళ్టికీ అందులో పెద్దగా మార్పు లేదు.

జిమ్నాస్టిక్స్ జట్టు నాయకురాలు ఎమీ కోహెన్, మరికొందరు కోర్టుకెళ్ళారు. ఆ ఏడాది బ్రౌన్‌లో డిగ్రీ విద్యార్థుల్లో మహిళలు 48 శాతం దాకా ఉండగా, వర్సిటీ క్రీడాకారుల్లో 37 శాతమే. నాలుగు జట్లనూ తీసేశాక కూడా ఆ నిష్పత్తి మారలేదు. యూనివర్సిటీ వాదం ఇదే: మేం ఇద్దరినీ సమానంగా కోశాం, అబ్బాయిలకి ఆసక్తి ఎక్కువ, అందుకే వాళ్ళ సంఖ్య ఎక్కువ. కోర్టు ఒప్పుకోలేదు. ముందే తక్కువున్న వాళ్ళ నుంచి సమానంగా కోస్తే తక్కువ తక్కువగానే ఉంటుంది. అవకాశం ఇవ్వకుండా ఆసక్తి కొలిస్తే ఆ కొలత దేనికీ పనికిరాదు. 1992 డిసెంబర్లో జడ్జి పెటైన్ మహిళల జట్లను తిరిగి నిలబెట్టమన్నాడు. అప్పీలు కోర్టు 1993లో, మళ్ళీ 1996లో దాన్నే సమర్థించింది. 1997లో సుప్రీంకోర్టు కేసు వినడానికే నిరాకరించింది.

దేశంలోని క్రీడా విభాగాలన్నీ ఆ తీర్పుని న్యాయసూత్రంగా కన్నా లెక్కల చిట్కాగా చదువుకున్నాయి. 1996లో విద్యాశాఖ కూడా మొదటి కొలత అందుకుంటే ఇక చిక్కు లేదన్నట్టు వివరణ ఇచ్చింది. దాంతో మహిళల జట్టుని క్లబ్బుకి దించడం ప్రమాదకరమైంది. పురుషుల జట్టుని దించడం, అసలు వర్సిటీ హోదాకి ఎత్తకుండానే ఉంచడం తేలికైంది. మహిళల సాకర్‌కి తలుపులు తెరుచుకున్నది కూడా ఈ లెక్క వల్లే. మైదానం ఉంది, ఒక్క జట్టుతో పాతిక ముప్పై మంది జాబితాలో చేరతారు.

పురుషుల కోచ్‌లు కొందరు చెప్పే కథ వేరు. టైటిల్ నైన్ తమ ఆటని చంపేసిందంటారు. 2020లో సిన్సినాటి, అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీలు పురుషుల సాకర్ ఎత్తేయడాన్ని ఉదాహరణగా చూపిస్తారు. ఆ బాధ నిజమే. కానీ అంకెలు పక్కపక్కన పెడితే ముద్దాయి మారిపోతాడు. 2025 ముందు వరకూ ఎన్‌సీఏఏ పై స్థాయి అయిన మొదటి డివిజన్లో ఒక్కో జట్టుకి పురుషుల సాకర్‌కి 9.9 స్కాలర్‌షిప్‌లు, మహిళల సాకర్‌కి 14. అదే పెద్ద యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్‌కి 85. ఆ 85 మంది మగవాళ్ళకి సరితూగేలా మహిళల జట్లు కావాలి. ఆ బరువు పడింది సాకర్, కుస్తీ, జిమ్నాస్టిక్స్ ఆడే అబ్బాయిల మీద. అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి పది స్కాలర్‌షిప్‌లు తగ్గించి ఉంటే పురుషుల సాకర్‌కి ఒక జట్టు స్కాలర్‌షిప్‌లు వచ్చేవి. ఆ మాట ఏ క్రీడా డైరెక్టరూ ఎత్తడు, ఎందుకంటే స్టేడియం నింపేది ఆ ఆటే.

ఫలితం అమెరికా దక్షిణాదిలో బాగా కనిపిస్తుంది. అక్కడి పెద్ద యూనివర్సిటీల లీగు అయిన ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌లో ప్రతి యూనివర్సిటీకీ మహిళల వర్సిటీ సాకర్ ఉంది. పురుషుల సాకర్ పోటీ మాత్రం ఆ కాన్ఫరెన్స్ నడపనే నడపదు. కెంటకీ, సౌత్ కరోలినా జట్లున్నా 2022 నుంచి అవి సన్ బెల్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, అలబామా లాంటి వేల విద్యార్థులున్న యూనివర్సిటీల్లో అబ్బాయిలకి సాకర్ అంటే క్లబ్బే. టెక్సస్‌లో పీజీకి వెళ్ళే తెలుగు కుర్రాళ్ళకి ఎదురయ్యేది కూడా ఈ క్లబ్ సెలక్షనే. కాలక్షేపానికి ఆడదామని వెళ్ళినవాడికి అక్కడ స్కూల్లో రాష్ట్రస్థాయిలో ఆడినవాళ్ళు నలభై మంది కనిపిస్తారు. వర్సిటీ ఉన్న చోట ఆ నలభైలో పైవాళ్ళు అటు పోయి ఉండేవాళ్ళు. అందుకే నేషనల్స్‌లో ఒక క్లబ్ జట్టుకీ ఇంకో క్లబ్ జట్టుకీ పోలిక కుదరదు.

ఇక యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ. పేచీలో ఎక్కువగా వినబడే పేరు ఇదే. 1995లో మహిళల సాకర్‌కి వర్సిటీ హోదా ఇచ్చి, పురుషులని క్లబ్బుగానే ఉంచింది. పురుషుల జట్టు 2003లో సెమీప్రొఫెషనల్ పీడీఎల్ లీగులో చేరి 2018 దాకా అక్కడే ఆడింది. క్లబ్ పోటీలకి తిరిగొచ్చాక ఒకటికి మించి జాతీయ టైటిళ్ళు గెలుచుకుంది. అదేం క్లబ్బని మిగతావాళ్ళ గొడవ. ఆ జట్టు వైపు నుంచి చూస్తే సమాధానం సులువు: మాకు వర్సిటీ ఇవ్వనిది మా యూనివర్సిటీ, ఉన్న చోట బాగా ఆడటం తప్పా?

నిజానికి ఫిర్యాదు చేసేవాళ్ళ ఇబ్బంది ఆటగాళ్ళ కంటే డబ్బుతో ఎక్కువ. మామూలు క్లబ్ జట్టులో విద్యార్థి అధ్యక్షుడే అన్నీ చూసుకుంటాడు. సభ్యుల చందా, విద్యార్థి కార్యకలాపాల నిధి నుంచి కొంత, టీషర్టులు అమ్మగా వచ్చింది కొంత. కోచ్ చాలా చోట్ల స్వచ్ఛందంగా వచ్చేవాడే. పదిహేను సీట్ల వ్యానులు బోల్తా పడే ప్రమాదం ఎక్కువని 2001 నుంచి హెచ్చరికలు రావడంతో అనేక యూనివర్సిటీలు వాటిని నిషేధించాయి. ఒక్క వ్యానులో వెళ్ళాల్సినవాళ్ళు రెండు మూడు బండ్లు అద్దెకి తీసుకోవాలి. పాతికేళ్ళ లోపు డ్రైవరుంటే అద్దె సంస్థలు అదనంగా వసూలు చేస్తాయి. అర్హత సాధించి కూడా డబ్బు సర్దుబాటు కాక నేషనల్స్ వదులుకునే పరిస్థితి వస్తే, అవతలి జట్టులో ఎవరున్నారన్న ప్రశ్న కంటే అది పెద్ద అన్యాయం. ఆ సంగతి మీద ఎవరూ తీర్మానం పెట్టరు.

మళ్ళీ 28కి వద్దాం. అదే విద్యా సంవత్సరంలో వర్సిటీ జాబితాలో ఉన్నవాళ్ళు క్లబ్బుకి ఆడకూడదన్నది ఈ పోటీల్లో పాత కట్టుబాటు. వర్సిటీ ఆటగాడు వారాంతంలో సరదాగా వచ్చి క్లబ్ మ్యాచ్ గెలిపించి పోకుండా పెట్టింది. స్కాలర్‌షిప్ లేని వాకాన్ కుర్రాళ్ళని ఎంతమందినైనా ఉంచుకునే రోజుల్లో అది చక్కగా పనిచేసింది. ఇప్పుడు క్యాలెండర్ చూడండి. వర్సిటీ శిక్షణ ఆగస్టు మొదట్లో మొదలవుతుంది. జట్టు 28కి దిగాల్సింది మొదటి మ్యాచ్ నాటికి, అదీ ఆగస్టులోనే. క్లబ్ సెలక్షన్లు తరగతులు మొదలయ్యాక ఆగస్టు చివరో, సెప్టెంబర్ మొదట్లోనో. అంటే రెండు వారాలు వర్సిటీతో పరిగెత్తి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా బయటికొచ్చిన కుర్రాడు క్లబ్ గుమ్మంలో నిలబడతాడు. వాడు జాబితాలో ఉన్నట్టా లేనట్టా? ప్రాక్టీసు చేసినవాడినీ లెక్కిస్తే వాడికి ఆ ఏడాది ఆటే లేదు. మ్యాచ్ ఆడినవాడినే లెక్కిస్తే దిగొచ్చినవాళ్ళందరికీ దారి తెరుచుకున్నట్టే. కోతకి గురైనవాళ్ళ కోసం ఒప్పందంలో ఒక మినహాయింపు ఉంది, వాళ్ళని తిరిగి తీసుకుంటే 28లో లెక్కించరు. కానీ తీసుకోవాలన్న నిర్బంధం యూనివర్సిటీకి లేదు.

నిషేధం బిగించమనే జట్లు ఒకటి ఆలోచించాలి. మాజీ వర్సిటీ ఆటగాళ్ళని పూర్తిగా ఆపితే దెబ్బ తగిలేది బలమైన జట్లకి కాదు. వర్సిటీయే లేని టెక్సస్‌కి మాజీలు వేరే కాలేజీల నుంచి బదిలీ అయి వస్తే తప్ప ఉండరు. వర్సిటీ ఉండి, అక్కడ చోటు దొరకని కుర్రాళ్ళతో నడిచే మధ్యరకం క్లబ్బులే ఖాళీ అవుతాయి. ఈలోగా కెప్టెన్లు చేయగలిగింది ఒకటుంది. వర్సిటీ నుంచి వచ్చినవాడి పేరు జాబితాలోంచి ఏ తేదీన తీశారో క్రీడా విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. వాడు ఫుల్‌టైమ్ విద్యార్థేనని రిజిస్ట్రార్ ధ్రువీకరణ కూడా అప్పుడే తెప్పించుకోవాలి. మధ్యలో ఒక కోర్సు వదిలేసి డిగ్రీలో 12 క్రెడిట్ల కిందికి, పీజీలో చాలా చోట్ల 9 కిందికి పడిపోయినవాడు ఫుల్‌టైమ్ లెక్కలోంచి జారిపోతాడు. ఈ సంగతి నవంబర్లో టోర్నీ డెస్క్ దగ్గర తెలిస్తే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.