తీగ తెగినా ఆగని కరెంటు

చిరంజీవులు లావణ్యకు, బాబ్జీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్నటి గాలివానకు కవిటి దగ్గర తోటలో కరెంటు తీగ తెగి ఇసుకలో పడిందనీ, లైన్‌మన్ వచ్చి ఆపేదాకా అందులో కరెంటు ఉందనీ రాశారు. నేలకు తగిలితే సబ్‌స్టేషన్‌లో దానంతట అదే ఆగిపోవాలి కదా అన్నారు. చాలాసార్లు ఆగుతుంది. ఇసుక దగ్గరే చిక్కు.

మా చిన్నప్పుడు చెరువు నిండితే మా నాన్న లాంతరు పట్టుకుని నన్ను గట్టు వెంట తిప్పేవారు. నాకు దెయ్యాల భయం, ఆయనకు పీతల భయం. గండి పడితే ఊరంతా లేస్తుంది. పీత బొరియలోంచి నీరు కారుతుంటే తూము దగ్గర కాపలా ఉన్నవాడికేం తెలుస్తుంది? దొరికిన పీత మర్నాడు పులుసులో తేలేది, అది వేరే కథ.

సబ్‌స్టేషన్‌లో కరెంటును దానంతట అదే ఆపే మీట, బ్రేకరు, ఆ తూము కాపలావాడే. గండినే పట్టుకుంటుంది. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) ఫీడరు లైనులో వంద ఆంపియర్ల కరెంటు పారడం మామూలు. అంతకు బాగా మించితేనే దానికి అనుమానం. తీగ తడి ఇసుక మీద పడితే నేలలోకి పోయేది సుమారు పదిహేను ఆంపియర్లు, పొడి ఇసుకైతే దాదాపు ఏమీ ఉండదు. అలాగని చిన్న తేడాకే ఆపేయమంటే, మిల్లులో మోటారు వేసిన ప్రతిసారీ ఊరు చీకటే!

మా నాన్న ఊట ఎంత వస్తోందని చూసేవారు కాదు. తేటగా ఉంటే ముందుకు నడిచేవారు. బురదగా వస్తే ఆగి, కాలితో తడిమి బొరియ వెతికేవారు. ఇంజినీర్లదీ ఇప్పుడు అదే దారి. ఇసుక మీద తీగ చిటపటమంటూ వెలిగి ఆరుతుంటే కరెంటు అలలు ఒకదానికొకటి పోలిక లేకుండా చెదురుతాయి. ఆ కలకను కంప్యూటర్లతో వెతుకుతున్నారు. దశాబ్దాలుగా తలలు పట్టుకుంటున్నా అన్నీ దొరకడం లేదు. ఆ వేడికి ఇసుక కరిగి గాజవుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కిందపడ్డ తీగ చప్పుడు చేయకపోయినా దగ్గరకు పోవద్దు. పది మీటర్ల అవతలే ఉండి, పెద్దవాళ్లతో 1912కు ఫోను చేయించండి.

రేపు బడికి వెళ్తూ తలెత్తి చూడండి. తీగకు తగిలే కొబ్బరి మట్టల కొసలు మాడి ఉంటే అక్కడా కరెంటు కారుతున్నట్టే. ఏ స్తంభం దగ్గరో గుర్తుపెట్టుకుని లైన్‌మన్‌కు చెప్పండి.

మీ తాతయ్య